మిరప ఘాటు, పత్తి నిప్పు

మా ఆయన ముక్కు పనిచెయ్యడం లేదని నాకు పాలు మాడిన రోజు తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి, గోడ దగ్గర పక్కింటావిడతో మాటల్లో పడ్డాను. ఆయన వంటింటి గడప పక్కనే కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. గోడ దాకా వచ్చి నాకు తగిలిన కమురు వాసన, రెండడుగుల దూరంలో ఉన్న ఆయనకు తెలియలేదు. పరుగెత్తుకొచ్చి గిన్నె దించి, కాస్త చెప్పకూడదా అని కసిరాను. ఏం చెప్పాలన్నట్టు అద్దంలోంచి నా వైపు చూశాడు. సగం గీసి సగం నురగతో ఉన్న ఆ ముఖంలో కొంటెతనమేమీ లేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు.

ఆయన నా మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. తొంభైల చివర మేం గుంటూరు పక్కన నల్లపాడులో కాపురం ఉండేవాళ్లం. ఆయన ఒక ఓనరు దగ్గర లారీ డ్రైవరు. చలికాలమంతా పత్తి బేళ్లు, ఎండలు ముదిరేసరికి మిర్చి యార్డు నుంచి మిరపకాయల బస్తాలు, ఆ తర్వాత ఏడాది పొడుగునా కోల్డు స్టోరేజీల్లోంచి మళ్లీ అవే మిరపకాయలు. మిర్చి దిగిన రోజు ఇంటికొస్తే ఆయన చొక్కా విడిగా బకెట్లో వేసి, వాకిట్లోనే నానబెట్టేదాన్ని. లేకపోతే ఆ రోజు ఇంట్లో అందరికీ తుమ్ములే.

నాది చిన్నప్పటి నుంచి ఆరా తీసే బుద్ధి. ఏదైనా సందేహం వస్తే, అది తీరేదాకా అన్నం సయించదు. పైగా ముక్కు విషయంలో నేను కాస్త గర్విష్టిని. మా పుట్టిల్లు పర్చూరు వైపు. మా నాన్న పొగాకు రైతు. ఆకు కాల్చే బ్యారన్ తలుపు సందు దగ్గర నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఇంకా ఎంతసేపు మంట పెట్టాలో చెప్పేవాడు. పక్కన నిలబడి నేనూ పీల్చేదాన్ని. పదేళ్లకే పచ్చి ఆకు వాసన ఎక్కడ ఆగి పండిన ఆకు వాసన ఎక్కడ మొదలవుతుందో నాకు పట్టుబడింది. అలాంటి నా ఇంట్లో ముక్కులేని మనిషి ఉంటే నాకు నిద్రెలా పడుతుంది?

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. ఏదో సరసమనుకుని బుద్ధిగా మూసుకున్నాడు. ముందు నెయ్యి గిన్నె పెట్టాను. బాగా ఆలోచించి, కాఫీపొడి అన్నాడు. తర్వాత మరువం. ఏమీ లేదు, ఖాళీ చెయ్యి పెట్టావు అన్నాడు. మూడోది మూత తీసి ముక్కుకు ఆనించినంత పని చేశాను. నవ్వి, మల్లెపూలు అన్నాడు. అది ఇంగువ డబ్బా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను, తర్వాత రెండోది కూడా చేశాను.

అయితే ఒక సంగతి నన్ను తికమక పెట్టింది. తిరగమోతలో ఎండుమిరపకాయ మాడితే ఈయన అందరికంటే ముందు దగ్గేవాడు. ముక్కు చచ్చిపోతే ఆ దగ్గు ఎక్కడిది? మర్నాడు పొయ్యి మీద మిరపకాయ వేసి అదీ చూశాను. దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు. వాసన ఎలా ఉందని అడిగితే, వాసనేమీ లేదు, లోపల గీరినట్టుంది అన్నాడు. ఘాటు వేరు, వాసన వేరు అని నాకు అప్పుడు తెలిసింది. ఘాటు తగులుతున్నన్నాళ్లూ తన ముక్కు బాగానే ఉందని ఆ మనిషి కూడా నమ్మాడు. తర్వాత అనుమానం వచ్చింది, కానీ పైకి చెప్పలేదు. రెండు మిర్చి సీజన్ల నుంచి ఇదే పరిస్థితి అని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. నా కూరలు కూడా ఉప్పూ కారం తప్ప ఏమీ తెలియకుండానే మెచ్చుకుంటున్నాడట. అది వినగానే నాకు ఒళ్లు మండింది. గోంగూర పచ్చడి బ్రహ్మాండమని అన్నం రెండోసారి కలుపుకున్నది గుర్తొచ్చి ఇంకా మండింది.

పోరుపెట్టి గుంటూరులో ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ డాక్టరు టార్చిలైటు వేసి చూసి, చుక్కలు రాసి, కొన్నాళ్లు మిరపకాయలకు దూరంగా ఉండమన్నాడు. గుంటూరులో ఉంటూ మిరపకాయకు దూరమెలా అని మా ఆయన మెట్లు దిగుతూ నవ్వాడు. వీధిలోకి వచ్చాక నవ్వు ఆపి, ఈ సంగతి ఓనరు చెవిన పడకూడదు, మీ అమ్మతో కూడా అనొద్దు అన్నాడు. డ్రైవర్లంతా మాటలు మోసేవాళ్లే, ముక్కుకు రోగమంటే కళ్లకు కూడా రోగమని చెప్పుకుంటారు, బండి తాళాలు ఇంకొకరికి పోతాయి అన్నాడు.

"ముక్కుతో తోలతామా ఏంటి బండి" అన్నాడు.

నాకూ అది సబబుగానే తోచింది. కళ్లున్నాయి, చెవులున్నాయి, కాళ్లూ చేతులూ ఉన్నాయి. లారీ తోలడానికి ముక్కుతో పనేముంది? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఆ మాఘమాసంలో దొరికింది.

మా అమ్మకు ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. అదే సమయానికి ఆయనకు గుంటూరు దగ్గర జిన్నింగు మిల్లు నుంచి ఒంగోలు వైపు దారం మిల్లుకు పత్తి బేళ్ల లోడు పడింది. క్లీనరు పెళ్లికని సెలవు పెట్టి వెళ్లాడు. నువ్వూ బండెక్కు, మార్టూరులో దింపుతాను, అక్కడి నుంచి బస్సులో పో అన్నాడు మా ఆయన. పెళ్లయి ఆరేళ్లయినా నేను ఆ లారీ ఎక్కింది లేదు. మా అమ్మ జబ్బు సంగతి ఒక పక్క దిగులుగానే ఉంది. ఇంకో పక్క, ఈయన పొద్దస్తమానం ఏం చేస్తాడో చూడొచ్చని లోపల సంబరంగా కూడా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

ఎక్కిన దగ్గర నుంచీ ప్రశ్నలే. లోడింగు అయ్యాక చెక్క గూటంతో టైర్లను ఎందుకు కొట్టావు? గాలి తగ్గిన టైరు మొద్దుగా మోగుతుంది. చక్రం మధ్యలో చెయ్యి ఎందుకు పెట్టావు? వేడెక్కితే బేరింగు పోతున్నట్టు. రాళ్ల కుప్ప కనిపిస్తే దూరం నుంచే పక్కకు ఎందుకు తీస్తున్నావు? బండి ఆగిపోయినవాడు వెనక రాళ్లు పేర్చుకుంటాడు, బాగయ్యాక వాటిని అలాగే వదిలేసి పోతాడు. అప్పట్లో ఆ రోడ్డును వెడల్పు చేస్తున్నారు, ఎక్కడ పడితే అక్కడ తవ్వి పోశారు. ఆయన ఒక్కదానికీ విసుక్కోలేదు. ఇంట్లో ముక్తసరిగా ఉండే మనిషి స్టీరింగు ముందు మేష్టారైపోయాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఆ మాట పైకి మాత్రం అనలేదు.

పత్తి లోడుకు ప్రత్యేకంగా ఏమైనా జాగ్రత్త ఉందా అని అడిగాను. పత్తిలో నిప్పు పడితే వెంటనే మండదని చెప్పాడు. బేలును యంత్రంతో అదిమి ఇనప పట్టీలు వేస్తారు కాబట్టి లోపల గాలి ఉండదు. ఎత్తేవాళ్లు ఎవరైనా కాల్చిన బీడీ ముక్క పడిందంటే నిప్పు మెల్లగా లోపలికి తొలుచుకుంటూ పోతుంది. గంటలు, ఒక్కోసారి రోజులు. పొగ కూడా పైకి కనపడదు. తెలియక ఎవడైనా లోడు మీద కప్పిన పట్టా విప్పి చూస్తే, గాలి తగిలి ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడిక బండీ ఉండదు, పక్కనున్నవాడూ ఉండడు.

మరి ఎలా తెలుస్తుంది అన్నాను. ఆగిన చోటల్లా దిగి లోడు చుట్టూ తిరిగి చూసుకుంటాం అన్నాడు. ఏం చూస్తారు అని నేను అడిగేలోపే చిలకలూరిపేట దాటి టీ కొట్టు వచ్చింది, బండి ఆపాడు.

తాటాకు పందిరి కింద కొట్టు. దాని వెనక చేలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, పక్కనే చొప్పవామి. ఆయన దిగి గూటం తీసుకుని టైర్లు కొట్టాడు, చక్రాల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత లోడు పక్కన నిలబడి, తల కాస్త పైకెత్తి, కళ్లు సగం మూసి, ముక్కు నిండా గాలి పీల్చాడు. నాలుగడుగులు వేసి మళ్లీ పీల్చాడు. అలా బండి చుట్టూ తిరిగొచ్చాడు. కిటికీలోంచి చూస్తున్న నాకు మా నాన్న గుర్తొచ్చాడు, అచ్చం అదే పీల్పు. ఆ వెంటనే ఆయన ముక్కు సంగతి గుర్తొచ్చింది.

ఏం చూశావు బావా అని అడిగాను. వాసన చూశాను, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అన్నాడు. టీ చెప్పడానికి కొట్టు వైపు నడిచాడు.

ఈ మనిషి అబద్ధమాడటం లేదు. అదే నన్ను భయపెట్టింది. పదిహేనేళ్లుగా ఆగిన చోటల్లా అలా పీల్చడం, వాసన రాకపోతే బండి బాగున్నట్టు లెక్క. ముక్కు చచ్చిపోయాక కూడా పీలుస్తూనే ఉన్నాడు. వాసన రావడం లేదు కాబట్టి నిప్పు లేదనుకుంటున్నాడు. ఇంగువ డబ్బా ముందు మల్లెపూలన్న ఆ ముక్కును నమ్ముకుని రెండు చలికాలాలుగా పత్తి తోలుతున్నాడు. నాకది ఎందుకు తట్టలేదు? ముక్కుతో తోలతామా అంటే నేనూ తలూపాను కదా అని నా మీద నాకే కోపమొచ్చింది.

దిగి నేను కూడా తిరిగాను. కుడి పక్క డీజిలు, దుమ్ము, గోనె. వెనక కూడా అంతే. ఎడమ పక్క వెనక మూలకు వచ్చేసరికి సన్నగా తగిలింది. పాత నూలు చీర అంచు అంటుకుంటే వచ్చే వాసన. టీ కొట్టు పొయ్యిదేమోనని అక్కడిదాకా వెళ్లి పీల్చాను. అది తుమ్మకట్టె పొగ. మళ్లీ వెనక్కి వచ్చాను. ఇది కట్టె కాదు, గుడ్డ.

టీ తాగుతున్న ఆయన దగ్గరికి వెళ్లి నెమ్మదిగానే చెప్పాను. పొయ్యి వాసన అయ్యుంటుంది, ఇప్పుడేగా చూసొచ్చాను అన్నాడు. కాదన్నాను. నలుగురిలో ఆడదాని మాటకు బండి ఆపేస్తే ఏమనుకుంటారనో ఏమో, గ్లాసు బల్ల మీద పెట్టి, ఎక్కి కూర్చో పోదాం అన్నాడు. కొట్టువాడూ, టీ తాగే నలుగురు కూలీలూ మా వైపే చూస్తున్నారు. ఓనరు చెవిన పడకూడదన్న మాట గుర్తుంది. అయినా నా నోరు ఆగలేదు.

"నీకు వాసన రాదు బావా. ఇంగువకీ మల్లెపూలకీ తేడా తెలియని ముక్కుతో నువ్వు ఏం చూశావు?"

అందరూ విన్నారు. ఆయన ముఖం మాడిపోయింది. తిడతాడనుకున్నాను. ఎక్కడ అని అడిగాడు. ఎడమ వెనక మూల, పైవరస అన్నాను. అంతే, ఆ తర్వాత ఆయన మళ్లీ స్టీరింగు ముందు మనిషి. పందిరి, చొప్పవామి, ఆరబోసిన మిరపకాయలు అన్నీ ఒకసారి చూశాడు. ఇక్కడ వద్దు, ముందు సాగరు కాలువ వంతెన ఉంది, అక్కడికి పోవాలి అన్నాడు. కూలీలను వెనకాల నడిచి రమ్మన్నాడు. నన్ను మాత్రం ఇక్కడే ఉండమన్నాడు.

"వాసన పెరిగితే నీకెవరు చెబుతారు? ముక్కు నాది, నేనెక్కాలి" అన్నాను.

ఫస్టు గేరులో, గాలి ఎక్కువ తగలకుండా, మనిషి నడకంత మెల్లగా పోయాం. కూలీలు మాకంటే ముందే వంతెన చేరారు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి వెనక్కి పీలుస్తూనే ఉన్నాను. ప్రతి నిమిషానికీ ఎలా ఉందని అడిగేవాడు. అంతే ఉంది అనేదాన్ని. ఒక చోట ఎక్కువైంది అన్నాను. అయినా ఆయన వేగం పెంచలేదు. నాకు మాత్రం దూకి పారిపోవాలని ఉంది. దేవుడి పేరు కూడా గుర్తు రానంత భయమేసింది.

కాలువగట్టు మీద బండి నిలిపి, ఇంజను ఆపి, పట్టాను ఆ ఒక్క మూల వరకే సడలించారు. మిగతాది కదిలించనివ్వలేదు. నీళ్లు బకెట్లతో సిద్ధంగా పెట్టుకుని, కొక్కేలతో పట్టి లాగి, పై బేలును కిందికి తోశారు. అది కాదు. రెండోదాని గోనె మీద బీడీ ముక్క పట్టేంత నల్లటి చిల్లు. అబ్బ, ఇంతేనా అనుకున్నాను. దాన్ని దొర్లించి కాలువలో పడేశాక పట్టీలు తెగి బేలు విడిపోయింది. లోపల ఒక బిందె పట్టేంత గొయ్యి. తెల్లటి పత్తి మధ్యలో నల్లగా, అంచుల్లో ఇంకా ఎర్రగా. నీళ్లు సుయ్యిమని పొంగాయి. కూలీల్లో ఒకడు ఇంకాసేపైతే ఏమయ్యేదని అడిగాడు.

మా ఆయన గట్టు మీద కూలబడ్డాడు. పక్కన కూర్చున్నాను. నలుగురిలో పరువు తీశానని తిడితే పడటానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి అడిగాడు.

"ఎట్టా ఉంటది ఆ వాసన? నాకు గుర్తుకు రావట్లేదు."

నాకు ఏడుపొచ్చింది. పాత చీర కాలినట్టు అని చెప్పాను. దీపం ఒత్తి కొండెక్కినప్పుడు వస్తుందే, దానికి దగ్గరగా, కానీ నూనె లేకుండా అని చెప్పాను. ప్రతిదానికీ కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. వాసనను మాటల్లో చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ గట్టు మీద తెలిసింది. మా అమ్మ దగ్గరికి ఆ రోజు చీకటి పడేలోపు ఎలాగో చేరాను.

ఓనరుకు ఆయనే వెళ్లి చెప్పాడు. నేను వద్దనలేదు, చెప్పమనీ అనలేదు. ఓనరు బాగా కేకలేసి, తాళాలు లాక్కుని, రెండు రోజుల తర్వాత మళ్లీ ఇచ్చాడు. పత్తి వద్దు, మిర్చి వద్దు, దాచేపల్లి సిమెంటు తోలుకో అన్నాడు. ఏడాదిపాటు ఆయన దుమ్ము కొట్టుకుని బూడిద రంగులో ఇంటికొచ్చేవాడు. నేను నెలకోసారి ఇంగువ డబ్బా మూత తీసేదాన్ని. ముక్కు బాగుపడలేదు. తర్వాతి చలికాలం డ్రైవర్లు చాలక, మళ్లీ పత్తికి పొమ్మన్నాడు ఓనరు. మా ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆగిన ప్రతి చోటా ఇంకెవరి చేతనైనా వాసన చూపించుకుంటాను, ఆలస్యమైందని అనకూడదు అన్నాడు.

చెప్పడమైతే చెప్పాడు గానీ, నాకు నమ్మకం కుదరలేదు. ఊళ్లో దారి కూడా అడగని మనిషి. అడిగితే చిన్నతనమనుకుని అరగంట చుట్టూ తిరిగే రకం. అందుకే ఆ ఏడు పుట్టింటికి వెళ్లే వంక పెట్టుకుని మళ్లీ బండెక్కాను. ఈసారి ప్రశ్నలేమీ వెయ్యలేదు, చూస్తూ కూర్చున్నాను.

చిలకలూరిపేట ఇవతల ఒక హోటలు ముందు ఏడెనిమిది లారీలు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు మంచాల మీద కూర్చుని భోంచేస్తున్నారు. ఈయన దిగి, టైర్లు కొట్టి, చక్రాలు తడిమి, తిన్నగా గిన్నెలు తోముతున్న ఒక పెద్దామె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నా ముక్కు పనిచెయ్యదు. పత్తి లోడు. కాస్త చుట్టూ తిరిగి కమురు వాసనేమైనా వస్తుందేమో చూసి పెట్టండి."

ఆమె చేతులు తుడుచుకుని వెంట నడిచింది. మంచాల మీద నవ్వులు లేచాయి. అందులో నెరిసిన మీసాల డ్రైవరొకాయన, ఏరా, వాసనకు కూడా మనిషిని కుదుర్చుకున్నావా అని గట్టిగా అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ పెద్దామె వెనకాలే బండి చుట్టూ పూర్తిగా తిరిగి, ఆమె ఏమీ లేదనేదాకా కదలలేదు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ పెళ్లినాడు కూడా కలగలేదు.

బండెక్కబోతుంటే, ఆ మీసాల డ్రైవరు భోజనం మధ్యలో వదిలేసి, చెయ్యి కడుక్కుని నా వైపు తలుపు దగ్గరికి వచ్చాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆయనది కూడా పత్తి బండే, ఎండాకాలం ఆయన తోలేదీ మిరపకాయలే. తన బండి కూడా ఒకసారి చూసి పెట్టమని చాలా చిన్న గొంతుతో అడిగాడు. దిగాను. కుడి పక్క, వెనక, ఎడమ పక్క, రెండుసార్లు తిరిగాను. మూలల దగ్గర ఆగి ఆగి పీల్చాను. వెనకాలే ఆయన వస్తున్నాడు, నేను ఆగితే ఆగుతున్నాడు.

ఏమీ లేదండీ, శుభ్రంగా ఉంది అన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"మూడేళ్ల నుంచి నేనూ రోజూ పీల్చి చూస్తన్నా తల్లీ. రోజూ ఏమీ లేదనే వస్తంది" అన్నాడు.